వదిన చూసిన సినిమాలు

మా ఆయన ఉద్యోగం పోయిన సంగతి నాకు మా ఆయన చెప్పలేదు, మా టీవీ చెప్పింది. పాపం అది ఐదు వారాలపాటు చెబుతూనే ఉంది. నేనే వినిపించుకోకుండా, ఎక్కడో వరంగల్‌లో ఉన్న ఆడమనిషి మీద పడ్డాను. ఆ ఐదు వారాలూ ఆయన రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లేవాడు, సాయంత్రం ఖాళీ డబ్బా తెచ్చి సింకులో పడేసేవాడు. కడగకుండా పడేసినందుకు రోజూ నా చేత తిట్లు తినేవాడు. ఆ రోజుల్లో హానోవర్ మొత్తానికి నాకంటే తెలివైన ఆడది లేదని నాకు గట్టి నమ్మకం.

మేముండేది జర్మనీలోని హానోవర్‌లో. నాది ఇక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం. ఆయనది రోజూ రైల్లో వెళ్లొచ్చే వోల్ఫ్స్‌బర్గ్‌లో, కార్ల మీద ఆధారపడి బతికే చిన్నాచితకా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటి. కారులో పాట సగంలో ఆపి, ఇంజన్ కూడా ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ పాట ఆగిన చోటే మొదలవుతుందా లేదా అని పరీక్షించడం ఆయన పని. దానికి హైదరాబాద్‌లో ఒక డిగ్రీ, జర్మనీలో ఇంకో డిగ్రీ, ఆ పైన ఉద్యోగం చూసి ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు. చుట్టాలందరికీ మాత్రం మా ఆయన జర్మనీలో కార్లు తయారుచేస్తాడనే చెప్పాం. మాకొక ఐదేళ్ల పాప, కీటాకు, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడికి, వెళ్తుంది. మేం తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది, మాకు అర్థం కాకపోతే జాలిగా చూస్తుంది.

ఇక టీవీ సంగతి. ఇక్కడ కూర్చుని తెలుగు చూడాలంటే మన దేశపు యాప్ కావాలి. యాప్‌కు మన దేశపు ఫోను నంబరు కావాలి. మా నంబర్లు రీఛార్జి చెయ్యక ఎప్పుడో చచ్చిపోయాయి. అందుకని అకౌంటు మా ఆయన అక్క నంబరు మీద తెరిచాం. ఆవిడ నాకు వదిన, వరంగల్‌లో ఉంటుంది. మా టీవీ హానోవర్‌లో గోడకు వేలాడుతూ, తను ముంబైలో ఉన్నానని యాప్‌ను నమ్మించే ఏర్పాటేదో మా ఆయన చేశాడు, మా ఫోన్లకూ అదే. నెలకో రెణ్నెల్లకో యాప్‌కు అనుమానమొచ్చి మమ్మల్ని బయటికి గెంటేస్తుంది. మళ్లీ లోపలికి రావాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వదిన ఫోనుకు వెళ్తుంది. అప్పుడు మాకు వదిన గుర్తొస్తుంది.

ఇందులో ఒక పెద్ద చిక్కుంది. పలకరించకుండా ఓటీపీ అడిగితే మర్యాద కాదు. పలకరింపులయ్యేదాకా ఆగితే ఓటీపీకి కాలం చెల్లిపోతుంది. అందుకని నేనొక పద్ధతి కనిపెట్టాను. ముందు ఫోన్ కలిపి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడుగుతాను. ఆవిడ ఎడమ మోకాలు పూర్తిచేసి కుడి మోకాలికి వచ్చేసరికి టీవీలో బటన్ నొక్కుతాను. టింగుమని ఆవిడ ఫోను మోగగానే, "అదేదో మెసేజ్ వచ్చినట్టుంది వదినా" అంటాను, నాకేమీ తెలియనట్టు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని, ఒక్కో అంకే విడివిడిగా చదువుతుంది. ఆ మోకాళ్ల గురించి నేను అడిగినన్ని సార్లు ఆవిడ డాక్టరు కూడా అడిగి ఉండడు. ఆవిడ మాత్రం, జర్మనీ మరదలికి తనంటే ఎంత ప్రేమో అని వాడకట్టంతా చెప్పుకునేదట.

ఆ యాప్‌లో మేమిద్దరం ఒక సిరీస్ పట్టుకున్నాం. ఒక రైసు మిల్లు కోసం నలుగురు అన్నదమ్ములు కొట్టుకోవడం, వాళ్ల పెళ్లాలు ఒకరి అన్నంలో ఒకరు ఏదో కలపడం, అదీ కథ. శనివారం మధ్యాహ్నం భోంచేశాక రెండు ఎపిసోడ్లు చూసేవాళ్లం. ఒకరిని వదిలి ఒకరు ముందుకు చూడకూడదని ఒప్పందం. పెళ్లిలో పంతులుగారు చెప్పించిన వాటిలో నాకొక్కటీ గుర్తులేదుగానీ, ఈ ఒప్పందం మాత్రం ప్రాణం పెట్టి కాపాడుకున్నాను. వారమంతా ఆయన రైళ్లలో, నేను ఆఫీసులో, పాప కీటాలో. ముగ్గురం ఒకే సోఫా మీద కూర్చునేది ఆ రెండు గంటలే.

ఇక్కడ మా తెలుగువాళ్ల భోజనాలు ఎలా ఉంటాయో ఒకసారి చెప్పాలి. తలా ఒక గిన్నె వండుకుని ఎవరో ఒకరింట్లో చేరతాం. మొదటి అరగంట అందరం పుస్తకాలు, ప్రయాణాలు, పిల్లల స్విమ్మింగ్ బ్యాడ్జీల గురించి మాట్లాడతాం. సీరియళ్లా, ఛీ ఛీ, మాకు టైమెక్కడిదండీ అంటాం. రెండో అరగంటలో ఎవరో నోరు జారి మిల్లు పెద్ద కోడలి పేరెత్తుతారు. ఇక చూడండి, గదిలో ఆ కోడలిని ఎరగనివాళ్లు ఒక్కరుండరు. బ్లూ కార్డులన్నీ ఒక్క గొంతుతో ఆవిణ్ని తిడతాయి.

అలాంటి ఒక ఆదివారం, మాకు తెలిసిన ఒకాయనకు ఉద్యోగం పోయిందన్న మాట వచ్చింది. ఆయన రాలేదు. వచ్చినవాళ్లంతా అయ్యో అంటున్నారు, అంటూనే గారెలు నములుతున్నారు. నా నోరు ఊరుకుంటేనా. పోవడమేమిటండీ, ఆయనకు ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికింది, సోఫాలో పోస్టింగు, పొద్దున తొమ్మిదికి రిమోట్ పట్టుకుంటే సాయంత్రం ఐదుకు దింపుతాడట, బాగా చేస్తే మంచం మీదకు ప్రమోషన్ అన్నాను. గది గొల్లుమంది. ఒకావిడకు పొలమారి నీళ్లు తాగించాల్సి వచ్చింది. మా ఆయన ప్లేటు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనా నవ్వాడు. తర్వాత రోజులు లెక్కేసుకుంటే తెలిసింది, అప్పటికి ఆయన ఉద్యోగం పోయి నాలుగు రోజులు.

ఆ ఆదివారం తర్వాత పదిహేను రోజులకు అనుకుంటా, ఆఫీసులో భోజనం చేస్తూ నా ఫోనులో ఆ యాప్ తెరిచాను. సగం చూసి ఆపిన వాటి వరసలో ఒక పాత కామెడీ సినిమా కనబడింది. కింద ఎర్ర గీత నలభై నిమిషాల దగ్గర ఆగి ఉంది. మేమెవరం చూడలేదది. మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు మొదటి సినిమాలోనే గీత మళ్లీ వెనక్కి వెళ్లింది, ఎవరో కామెడీ సీన్లు తిప్పి తిప్పి చూస్తున్నట్టు. ఇదంతా సహించాను. శుక్రవారం చూద్దును కదా, మిల్లు అన్నదమ్ములు రెండు ఎపిసోడ్లు ముందుకు జరిగి ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

దొంగ ఎవరో తేల్చడానికి నాకు నిమిషం పట్టలేదు. యాప్‌లో చూసిన వేళలుంటాయి, ఇవన్నీ మాకు పొద్దున పదకొండు ప్రాంతంలో జరుగుతున్నాయి. పదకొండంటే వరంగల్‌లో మధ్యాహ్నం, భోంచేసి నడుం వాల్చే వేళ. అకౌంటు ఎవరి నంబరు మీద ఉంది? ఓటీపీలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఇంకేం కావాలి. నేనింత తెలివిగా పట్టేసినందుకు ఆ పూట ఇంకో కాఫీ తాగాను.

సాయంత్రం అన్నాల దగ్గర మా ఆయన్ని కూర్చోబెట్టి, మీ అక్క చేస్తున్న పని చూశారా అని మొదలుపెట్టాను. ఆయన చారులోంచి కరివేపాకు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెడుతున్నాడు. ఎంతసేపటికీ తలెత్తడే. మీ అక్కే కదూ అని రెట్టించి అడిగితే, "అయ్యుండొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాట. ఆవిణ్నే అడిగి తేలుస్తానన్నాను. వద్దనలేదు.

మర్నాడు శనివారం. ఆ రెండు ఎపిసోడ్లు వెనక్కి తిప్పి మేమిద్దరం మామూలుగానే చూశాం. పెద్ద తమ్ముడు మిల్లు తాళాలు కాజేసినప్పుడు మా ఆయన సోఫాలో ముందుకు జరిగి, "అరె, గిట్లయిందేంది" అన్నాడు. ఎంత అమాయకుడో మా ఆయన, సీరియల్ చూసి కూడా ఉలిక్కిపడతాడు అని మురిసిపోయాను. నిజం చెప్పాలంటే, ఆ సిరీస్ మొత్తంలో అంత బాగా నటించినవాడు ఇంకొకడు లేడు.

సోమవారం వదినకు ఫోన్ చేశాను. ఈసారి మోకాళ్ల ఊసెత్తలేదు. నవ్వుతూనే మొదలుపెట్టాను, నా నవ్వు ఎలాంటిదో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. మధ్యాహ్నాలు బాగా సినిమాలు చూస్తున్నట్టున్నారు, మా మిల్లు సంగతి మాకంటే ముందే మీకు తెలిసిపోతోందే, ఆ తర్వాతేమైందో కాస్త చెబుదురూ, మాకు చూసే శ్రమ తప్పుతుంది అన్నాను.  

"అవ్ పిల్లా, నేనే చూసిన," అంది. "పొద్దు పోతలేదు, ఏం జెయ్యాలె."

దొంగ తనే ఒప్పుకుంటే పోలీసుకు ఎంత ఆనందమో నాకంత ఆనందం. యాప్‌లో వేరే ప్రొఫైల్ ఎలా పెట్టుకోవాలో, ఒకరి ప్రొఫైల్‌లో ఒకరు దూరడం ఎంత అనాగరికమో పావుగంటసేపు పాఠం చెప్పాను. ఆవిడకంటూ ఒక ప్రొఫైల్ నేనే చేసి, మా దానికి నాలుగంకెల తాళం పెట్టాను. ఆ నాలుగంకెలు మా ఆయనకు మాత్రం చెప్పాను, మొగుడు కదా.

రెండ్రోజులు ప్రశాంతంగా గడిచింది. మూడో రోజు మళ్లీ కామెడీ సినిమా, మళ్లీ ఎర్ర గీత. తాళం వేసిన ఇంట్లోకి ఆవిడ ఎలా దూరిందబ్బా అని ఆలోచిస్తే, ఓటీపీతో తాళం మార్చి ఉంటుందని తోచింది. అంత సాఫ్ట్‌వేర్ తెలివి ఆవిడకు ఎక్కడిదని ఒక్క క్షణమైనా అనుకున్నానా? లేదు. కళ్లజోడు లేకుండా ఆరంకెలు చదవలేని మనిషిని పట్టుకుని హ్యాకర్‌ను చేసేశాను. మళ్లీ ఫోన్ చేసి ఈసారి కడిగి పారేశాను. పరాయివాళ్ల ఇంట్లో అడగకుండా ఫ్రిజ్ తెరుస్తారా, ఇదీ అంతే అన్నాను. తమ్ముడి ఇల్లు పరాయి ఇల్లెప్పుడయిందని ఆవిడ అడగొచ్చు. అడగలేదు. తప్పయింది పిల్లా, ఇంక చూడను అంది. యాభై రెండేళ్ల మనిషి, తను చూడని సినిమాలకు నా దగ్గర క్షమాపణ చెప్పుకుంది.

మా ఆయన ఆ రోజుల్లో ఇంకో కొత్త అలవాటు చేసుకున్నాడు. ఇంటికి రాగానే షూ కూడా విప్పకుండా కింద పోస్టు డబ్బా తెరిచి, ఉత్తరాలన్నీ తనే పట్టుకొచ్చేవాడు. ఈ దేశంలో చావైనా బతుకైనా కాగితం మీదే వస్తుంది, కవర్లు చూస్తే మాకిద్దరికీ గుండె దడే. అలాంటిది ఈయనకు ఉత్తరాల మీద ఇంత ప్రేమేమిటని, ఎవరైనా జర్మనామె రాస్తోందా అని ఏడిపించాను. దానికీ నవ్వాడు. ఈయన ఊరికే నవ్వుతున్నాడే అని నాకు అనుమానం రాకపోవడం చూడండి.

ఆ తర్వాత ఒక బుధవారం, ఆఫీసులో ఉండగా కీటా నుంచి ఫోన్, పాపకు జ్వరం, వచ్చి తీసుకెళ్లమని. పదిన్నరకు ఇంటికి తెచ్చి, మందు వేసి, సోఫాలో పడుకోబెట్టి, తెలుగు కార్టూన్ పెడదామని టీవీ తీశాను. మా ప్లాన్‌లో ఒకసారికి ఒకచోటే చూడాలి. ఈ అకౌంటు ఇప్పుడు ఇంకో ఫోనులో నడుస్తోంది, అక్కడ ఆపమంటారా అని అడిగింది యాప్. ఆపమన్నాను. కార్టూన్ మొదలైంది. రెండు నిమిషాలకు మా కార్టూన్ ఆగిపోయింది, అవతలివాళ్లు మమ్మల్ని ఆపారు. నేను మళ్లీ వాళ్లను ఆపాను. వాళ్లు మళ్లీ మమ్మల్ని. ఇలా నాలుగు సార్లు. జ్వరంతో ఉన్న పిల్ల జర్మన్‌లో సణగడం మొదలెట్టింది. నాకు తిక్క రేగింది.

ఈసారి సొత్తుతో సహా పట్టుకోవాలని వదినకు వీడియో కాల్ చేశాను. వెంటనే ఎత్తింది. ఆవిడ బ్యాంకులో వరసలో నిలబడి ఉంది. వెనకాల జనం, ఫ్యాను చప్పుడు, చేతిలో పాసుబుక్కు. ఫోనులోకి మరీ దగ్గరగా చూస్తూ, ఓటీపీ గావాల్నా పిల్లా అంది. ఇటు టీవీలో, ఈ అకౌంటు ఇంకో ఫోనులో నడుస్తోందని అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఆవిడ ఫోనులో నా మొహం ఉంది. మరి సినిమా ఎవరి ఫోనులో ఉంది?

అప్పుడు చూశాను, ఆ అక్షరాల కింద సన్నగా ఫోను పేరు కూడా ఉంది. నాలుగు సార్లు ఆపినదాన్ని, ఒక్కసారైనా అది చదవలేదు. మా ఆయన ఫోను పేరు అది. మొదట ఫోను ఎవరో కొట్టేశారనుకున్నాను. తర్వాత, సీరియళ్లు మేసిన బుర్ర కదా, ఇంకెవరి ఇంట్లోనో కూర్చుని చూస్తున్నాడనుకున్నాను.  వదినా, ఆయన ఫోనులో సినిమా నడుస్తోంది, ఆయన ఆఫీసులో లేడా అని అడిగాను. ఆవిడ వరసలోంచి బయటికొచ్చింది. అరగంట నిలబడి తెచ్చుకున్న చోటు వదిలేసి బ్యాంకు మెట్ల మీదకు వచ్చి కూర్చుంది.

"వాని నౌకరి వొయ్యింది పిల్లా. నెల దాటింది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

తర్వాత మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది. ప్రాజెక్టు ఆగిపోయిందట. ఇంకో రెండు నెలలు జీతమిస్తాం, రేపటి నుంచి రావద్దన్నారట. అందుకే నాకు బ్యాంకులో తేడా కనబడలేదు. ఈలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే బ్లూ కార్డు సంగతి ఏమవుతుందోనని వాడికి నిద్ర లేదంది. పొద్దున్నే స్టేషన్ దాకా వెళ్లి, అటునుంచి హానోవర్ లైబ్రరీకే వెళ్లి కూర్చుంటున్నాడట. మధ్యాహ్నం దాకా అప్లికేషన్లు పెడతాడు, మనసు ఆగనప్పుడు ఫోను తీస్తాడు. మీ అక్కను అడిగి తేలుస్తానని నేనన్నానే, ఆ మర్నాడు శనివారం సాయంత్రం కూరగాయల వంకన బయటికి వెళ్లి ఆవిడకు ఫోన్ చేశాడట. అది అడిగితే నువ్వే చూసినవని చెప్పు అక్కా అన్నాడట. ఎందుకురా అని అడిగితే నడిరోడ్డు మీద ఏడ్చాడట.

అంతా విన్నాక నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది. కట్టుకున్నదాన్ని నేనుండగా వేల మైళ్ల దూరంలో ఉన్న అక్కకు చెప్పడమేమిటి? ఇంట్లో రోజూ ఎదురుగా కనబడేది నేను కాదా? అదే అడిగాను, గట్టిగానే అడిగాను. ఆవిడ చెప్పనంది. ఒట్టు పెట్టి అడిగాను.

"నువ్వు నవ్వుతవన్నడు," అంది. "నలుగుర్ల అంటవ్, అందరు నవ్వుతరు, అండ్ల తను గూడ నవ్వాలె అన్నడు."

ఆవిడ ఇంకా ఏదో సర్దిచెబుతోంది, చిన్నప్పటి నుంచీ వాడంతే, మనసులో మాట బయటపెట్టడు, నీ తప్పు కాదు అని. నేనన్న మాటలు ఒక్కటి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని. సారీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. మోకాళ్లు ఎలా ఉన్నాయి వదినా అన్నాను. మెట్ల మీద కూసున్న గదా, లేసేటప్పుడు తెలుస్తది అంది.

ఆ మధ్యాహ్నం పాప నిద్రపోయింది. నేను టీవీ కట్టేసి కూర్చున్నాను. కార్టూన్ కోసం నేను నాలుగు సార్లు ఆపింది ఆయన్నే అన్నమాట. జర్మన్లు తుమ్మితే కూడా తిరిగి చూసే లైబ్రరీలో, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నవ్వొచ్చినా నవ్వకూడని చోట కూర్చుని కామెడీ సినిమా చూసుకుంటున్న మనిషిని నాలుగు సార్లు ఆపాను. తెర మీద వచ్చింది మా టీవీ పేరు కాబట్టి, ఇంట్లో నేనున్నానని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. ఆయనా ఆ పేరు నాలుగు సార్లయ్యాకే చదివాడేమో, నేను వదినతో ఫోన్ పెట్టేసేసరికి టీవీ మీద ఆ అక్షరాలు పోయాయి.

మామూలుగా ఆరున్నరకు వచ్చేవాడు. ఆ రోజు కూడా ఆరున్నరకే వచ్చాడు. ఆలస్యంగా రావడానికి కూడా ధైర్యం చాలలేదనుకుంటాను. తలుపు దగ్గర వంగి షూ లేసు విప్పుతున్నాడు. వదిన అంతా చెప్పింది అన్నాను. ఎంత మెత్తగా అందామనుకున్నా నా గొంతు నా గొంతులాగే వచ్చింది. ఆయన వేళ్లు లేసు మీదే ఆగిపోయాయి.

మధ్యాహ్నమంతా ఏం అనాలో అనుకుంటూనే ఉన్నాను. ఇంతమందిని ఇన్ని మాటలన్న నోటికి ఒక్క మంచి మాట దొరకలేదు. నోరు తెరిస్తే వెటకారమే వస్తుందేమోనని పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆయన తలెత్తి చూశాడు. నా కళ్లలోకి కాదు, నా నోటి వైపు చూశాడు. మాట కోసం వెతుక్కుంటున్నాననే అనుకున్నాడు, అది నిజమే, కానీ ఎలాంటి మాట కోసమో ఆయనకు తెలియదు.

"అనేసెయ్యి," అన్నాడు. "ఒక్కసారి అంటే అయిపోతది."

నేనేమీ అనలేదు. నేను అనేసినట్టే ఆయన తల దించుకున్నాడు.